గెర్సకూన్ గారి మెడ

గెర్సకూన్ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడ ఎవరి తప్పు కనిపించినా దాన్ని తెచ్చి తన మెడకు తగిలించుకుంటాడు. పాలు విరిగినా ఆయన వల్లే, పడవ మునిగినా ఆయన వల్లే. ఎవరైనా ఎవరి మీదనైనా చెయ్యెత్తేలోపు ఈయన గొంతు సవరించుకుని, "అది నా మెడది" అంటాడు.

ఇంకే ఊళ్లోనైనా ఇది ముసలివాళ్ల చాదస్తం కింద చెల్లిపోయేది. కార్తేజీలో చెల్లదు. ఓడిపోయి వచ్చిన సేనాధిపతిని నూటనలుగురు న్యాయాధిపతులు తమ మండపంలో నిలబెట్టి అడిగే ప్రశ్నే, "ఇది ఎవరి మెడది?" అని. మూడుసార్లు అడుగుతారు. ఎవరూ పలక్కపోతే సేనాధిపతి మెడే. ఆయన ఇంకొకరి పేరు చెప్పి తప్పించుకోవచ్చు. ఎవరైనా ముందుకొచ్చి "నా మెడది" అన్నారా, ఇక ఆ తప్పుకు మరొకరిని పట్టుకోవడానికి వీల్లేదు. ఒక తప్పుకు ఒకటే మెడ. ఆ అన్నవాణ్ణి మేకులతో కొయ్యకు కొట్టి రేవు బయట నిలబెడతారు. అందుకే మా పట్నంలో ఆ మాట ఆటకైనా ఎవరూ అనరు. ఈయన మాత్రం జావ మాడినా అదే మాట అనేవాడు.

పైగా ఆయన పుట్టిన ఇల్లు అలాంటిలాంటిది కాదు. బిర్సా కొండ మీద ఎర్ర గుమ్మం ఇల్లంటే తరతరాలుగా సేనాధిపతుల ఇల్లు. అక్కడ మగపిల్లాడికి ముందు కత్తి తిప్పడం నేర్పిస్తారు. ఆ తర్వాత అంతకంటే ముఖ్యమైన విద్య, తప్పును పక్కవాడి మీదికి తోయడం నేర్పిస్తారు. ముత్తాత ఏనుగుల పేరు చెప్పి బయటపడ్డాడు. తాత చంద్రుడి పేరు చెప్పాడు, ఆ రాత్రి వెన్నెల మరీ ఎక్కువైపోయిందట. చంద్రుణ్ణి కొయ్య ఎక్కించే దారి తెలియక న్యాయాధిపతులు తాతగారిని ఇంటికి పంపేశారు. పినతండ్రి తన వంటవాడి మీదికి నెట్టాడు, పాపం ఆ వంటవాడికి అంత మాటకారితనం లేకపోయింది. గెర్సకూన్ గారి అన్నగారొక్కడికే సమయానికి ఏ పేరూ తట్టలేదు. ఆయన గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

గెర్సకూన్ గారు కూడా ఒకసారి సేనాధిపతిగా వెళ్లి, ఎవరూ అనుకోని విధంగా గెలిచి వచ్చాడు. గెలిచినవాణ్ణి ఏ ప్రశ్నలూ అడగరు, మెడలో దండ వేసి పంపుతారు. ఈయన దండ కోసం తల వంచుతూ, ఎక్కడో ఏదో పొరపాటు జరిగే ఉంటుందనీ, అది తన మెడదేననీ అన్నాడట. దండ వేస్తున్న పెద్దమనిషి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. గెలుపుకు కూడా కొయ్య ఉంటుందా అని పెద్దలంతా తలలు పట్టుకుని, చివరకు ఇంటికి పోయి పడుకోమన్నారు. మళ్లీ ఏ యుద్ధానికీ పిలవలేదు.

కోడలు బత్నోవంకు ఈ జబ్బు సంగతి కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. ఆ ఇంటి ముందు గదిలో రంగులు వేసిన నిప్పుకోడి గుడ్డు ఒకటి వేలాడుతూ ఉండేది. పూర్వీకులు తూరు పట్నం నుంచి ఓడలో గుండెలకు హత్తుకుని తెచ్చారని చెప్పుకునేవారు. కొత్త కోడలు బూజు దులపబోయి చీపురు కర్రతో దాన్ని కాస్తా కింద పడేసి పగలగొట్టింది. చప్పుడుకు అత్తగారు వచ్చింది. ఆవిడ గొంతెత్తితే రేవులో కుక్కలు మొరగడం మానేసేవి. అంతలో మెట్ల మీది నుంచి మామగారి గొంతు వినిపించింది.

"అది నా మెడది. తుమ్మాను, పడింది."

"మీరు మేడ మీద కదా ఉన్నారు?" అంది అత్తగారు.

"గట్టిగా తుమ్మాను."

అత్తగారు మొగుణ్ణి ఆ నెలంతా తిట్టింది. బత్నోవంకు ప్రాణం లేచి వచ్చిన మాట నిజమే కానీ, కృతజ్ఞతకంటే ముందు బెంగ పుట్టింది. మామగారికి మతి కాస్త చలించిందని ఆమె తీర్మానించుకుంది. ఆయన నిజంగానే తుమ్మాననుకుంటున్నాడేమోనని చాలాకాలం నమ్మింది.

అత్తగారు పోయాక ఆయనకు కాపలా కాయడం కోడలి పనైంది. ఆయన గుమ్మం దాటితే చాలు, ఈమె పైబట్ట కప్పుకుని వెనకే పరుగు. ఒకనాడు సంత వీధిలో గాడిద తూలి నూనె జాడీలు పగిలిపోయాయి. నూనె షావుకారు గాడిదలవాడి జుట్టు పట్టుకున్నాడు. మామగారు జనాన్ని తోసుకుని వెళ్లి, గాడిద తనను చూసి బెదిరిందనీ, తప్పు తన మెడదనీ చెప్పాడు. ఆ గాడిదకు రెండు కళ్లూ లేవని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. అయినా ఆ మాట పడ్డాక ఇంకొకరిని పట్టుకోవడం కూడదు కాబట్టి షావుకారు జుట్టు వదిలేశాడు. బత్నోవం మామగారి చెయ్యి పట్టుకుని లాక్కుపోతూ, ఆయన ఏదో వేళాకోళానికి అన్నారని దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ పోయింది. ఆమె భయం గాడిద గురించి కాదు. ఏదో ఒకరోజు ఏ న్యాయాధిపతో ఆ దారిన పోతూ విని, నిజమేననుకుంటే?

ఇలా ఉండగా ఆమె భర్త ముత్తున్‌కు సేనాధిపతి పదవి వచ్చింది. ఎర్ర గుమ్మం ఇంట్లో ఆ పదవి వద్దనడానికి లేదు. ముత్తున్ మంచివాడే గానీ సముద్రం పడదు. ఓడలు తీసుకుని సిసిలీ వైపు వెళ్లాడు. శత్రువు కనిపించనే లేదు, ఈలోపే తుఫాను వచ్చి సగం ఓడల్ని రాళ్లకేసి కొట్టింది. మిగిలిన ఓడలతో మనిషి తిరిగొచ్చేసరికి నూటనలుగురి మనుషులు రేవులోనే కాచుకుని ఉన్నారు. విచారణ దాకా ఇంట్లో ఉండమన్నారు. గుమ్మం ముందు కావలి పెట్టారు.

పెదనాన్న కొడుకులు, పినతండ్రి మనవలు, అందరూ దిగిపోయారు. ఇలాంటప్పుడు ఎవరి పేరు చెప్పాలో ఆ ఇంట్లో అందరికీ కొట్టిన పిండి. సరంగు బోదో పేరు చెప్పమన్నారు. చుక్కాని అతని చేతిలోనే ఉంది, అతనికి వెనకా ముందూ ఎవరూ లేరు, మాట తడబడుతుంది. ఏం చెప్పాలో ముత్తున్ చేత వల్లె వేయించారు. ముత్తున్ ముఖం పాలిపోయి, పాఠం రాని పిల్లాడిలా అప్పజెప్పేవాడు. భార్యతో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఒక మాట చెప్పాడు. గాలి మారుతోంది, వెళ్లొద్దని బోదో అన్నాడట. వెళ్లమన్నది తనేనట.

బోదో బత్నోవంకు తెలిసినవాడే. ముత్తున్ చిన్నతనంలో మొదటిసారి పడవెక్కి వాంతులు చేసుకుంటే తల పట్టుకున్నది అతనే. కానీ భర్త మెడ ఒకవైపు ఉన్నప్పుడు రెండోవైపు చూడటానికి ఆమెకు ధైర్యం లేదు. చూడనని తనకు తాను చెప్పుకుంది.

ఇక అందరి భయమూ మామగారి నోటి గురించే. ఆ పెదనాన్న కొడుకుల్లో పెద్దవాడైన పెద్ద బావగారు ఆమెను పక్కకు పిలిచి, ముసలాయన మండపంలోకి వచ్చాడంటే తప్పు బోదో మెడ వదిలి మన ఇంటి మెడకు చుట్టుకుంటుందనీ, ఏం చేస్తావో చెయ్యి, ఆ రోజు ఆయన్ని గడప దాటనివ్వొద్దనీ హెచ్చరించాడు.

విచారణ రోజు పొద్దున్నే ఆమె మామగారి చెప్పులు దాచేసింది. ఆయన ఇల్లంతా వెతికి, కోడలి దగ్గరకొచ్చి, తనే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటాడనీ, అది తన మెడదనీ, ఆమె కంగారు పడొద్దనీ చెప్పాడు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా చెప్పులు తీసివ్వలేదు.

చెప్పుల్లేకపోతే వట్టి కాళ్లతో పోగలడు. అందుకని వంటమనిషి అరిషత్‌ను పిలిచి ఒక ఉపాయం చెప్పింది.

"మామయ్య గుమ్మం వైపు వచ్చినప్పుడల్లా ఒక కుండ పగలగొట్టు."

"ఏ కుండమ్మా?"

"ఏదైనా సరే. పగిలిన చప్పుడైతే ఆయన వెనక్కి వస్తాడు. నా మెడది అంటాడు, ముక్కలు ఏరుతాడు. ఆయన ఏరడం అయ్యేసరికి ఇంకొకటి."

అరిషత్ ముఖం విచ్చుకుంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగినా చేతులారా కుండ పగలగొట్టే యోగం ఇన్నాళ్లకు పట్టింది. బత్నోవం కొండ దిగుతుంటే వెనక మొదటి కుండ పగిలింది, మామగారి గొంతూ వినిపించింది. కాస్త ధైర్యంగా నడిచింది. రేవు పక్కన మండపం చేరేసరికి ఆ ధైర్యం కాస్తా ఆవిరైపోయింది.

ఆడవాళ్లు స్తంభాల వెనక నిలబడాలి. అక్కడి నుంచి ముత్తున్ వీపూ, చేతులు కట్టేసి ఉన్న బోదో తలా కనిపిస్తున్నాయి. న్యాయాధిపతుల పెద్ద షఫాత్ లేచాడు. బక్కపలచని మనిషి, నవ్వడని పేరు. తుఫాను సంగతి, పోయిన ఓడల సంగతి చదివించాడు. తర్వాత మొదటిసారి అడిగాడు.

"ఈ ఓడలు ఎవరి మెడవి?"

మొదటిసారి ఎవరూ పలక్కూడదు, అది ఆచారం. రెండోసారి అడిగాడు. ముత్తున్ నోరు తెరిచాడు. వల్లె వేసిన మాట రాలేదు. వెనక నుంచి పెద్ద బావగారు దగ్గాడు. ముత్తున్ బోదో వైపు తిరిగాడు. బోదో తల ఎత్తలేదు. బత్నోవం స్తంభాన్ని గట్టిగా పట్టుకుని, చెప్పు, చెప్పేయ్ అని లోపల్లోపల గొణుక్కుంటూ ఉంది. అలా గొణుక్కుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

షఫాత్ మూడోసారికి ఊపిరి తీసుకున్నాడు.

"నా మెడవి."

గుమ్మంలో గెర్సకూన్ గారు. వట్టి కాళ్లు, చేతినిండా కుండ పెంకుల గీతలు, గడ్డంలో మట్టి. ఇంట్లో కుండలు అయిపోయాయని బత్నోవంకు వెంటనే అర్థమైంది.

షఫాత్ విసుగ్గా చూశాడు. "గెర్సకూన్, నువ్వు ఆ ఓడల్లో లేవు."

"లేకపోవడమే తప్పు. ఉంటే వీడి తల పట్టుకునేవాణ్ణి. వీడికి సముద్రం పడదని నాకు తెలుసు. పడనివాణ్ణి పంపొద్దని మీతో చెప్పాల్సింది. ఇంటి పేరు పోతుందని చెప్పలేదు. కాబట్టి నా మెడవి."

మండపం ఘొల్లుమంది. ముత్తున్ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు అణగ్గానే ఇంకో న్యాయాధిపతి లేచి, ఈ ముసలాయన ఊళ్లో ఎవరి తప్పు దొరికితే వాళ్లది ఎత్తుకునే మనిషనీ, ఈ మాట కొట్టేయాలనీ అన్నాడు. కొట్టేయవచ్చని షఫాత్ ఒప్పుకున్నాడు. కానీ దానికి సాక్షి కావాలి. ఈయన తనది కాని తప్పును ఎప్పుడైనా తనదన్నాడని సాక్షి చెప్పాలి, అప్పుడు ఆ తప్పు ఎవరిదో కూడా చెప్పాలి.

"అలా చూసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని సభను అడిగాడు.

మండపం నిండా జనం. అప్పటిదాకా నవ్విన జనమే. నూనె షావుకారు చెప్పు పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. గాడిదలవాడు అతని వెనక నక్కాడు. ఎష్మూన్ గుడి పూజారి పైకప్పు వంక భక్తిగా చూశాడు. కొట్టేయమన్న న్యాయాధిపతే ఏదో చెప్పబోయి, ఏం గుర్తొచ్చిందో, మెల్లగా కూర్చున్నాడు. షఫాత్ కూడా తన చేతులకేసి చూసుకుంటున్నాడు. బత్నోవంకు అప్పుడు తెలిసింది. మామగారికి మతి చలించలేదు. ఆయన తుమ్మలేదు, తుమ్మలేదని ఆయనకూ తెలుసు. ఈ మండపంలో ఉన్న ప్రతివాడి నిప్పుకోడి గుడ్డూ ఆయన మోస్తూ వచ్చాడు.

ఆమెకు ఇంకోటి కూడా తెలిసింది. తను ముందుకెళ్లి, గుడ్డు పగలగొట్టింది నేను, మామగారు కాదు అంటే చాలు. ఆయన మాట కొట్టేస్తారు. ఆయన బతుకుతాడు, ముత్తున్ వల్లె వేసింది చెప్పి బతుకుతాడు. బోదో ఒక్కడూ పోతాడు. చెప్పకపోతే మామగారు పోతాడు.

అప్పుడు ముత్తున్ వెనక్కి తిరిగి సభంతా చూశాడు. ఒక్కొక్క ముఖమే వెతుక్కుంటూ చూశాడు. బంధువులు కిందికి చూశారు. జనం పక్కకు చూశారు. బత్నోవంకు ఏం చెయ్యాలో తోచలేదు. తోచక, కళ్లు మాత్రం తిప్పుకోలేదు. స్తంభం వెనక నుంచి ఇవతలికి వచ్చి అతని కళ్లలోకి చూస్తూ నిలబడింది.

ముత్తున్ షఫాత్ వైపు తిరిగాడు.

"మా నాన్నవి కావు. నా మెడవి. బోదో వద్దన్నాడు. వెళ్లమన్నది నేను."

"ఊరుకోరా, ముందు నేనన్నాను" అన్నాడు గెర్సకూన్ గారు.

"నాన్నా, ఇది కుండ కాదు."

పెద్ద బావగారు తల కొట్టుకున్నాడు. ఎర్ర గుమ్మం ఇంటి చరిత్రలో ఒకే తప్పు కోసం తండ్రీ కొడుకూ మండపంలో పోట్లాడుకోవడం అదే మొదలు. న్యాయాధిపతులు గుసగుసలాడుకున్నారు. ఒక తప్పుకు ఒకటే మెడ, ఇక్కడ రెండున్నాయి. ఒకదాన్ని కొట్టేస్తే గానీ రెండోది కొయ్యకు అందదు. కొడుకు చెప్పింది నిజమని నమ్మాలంటే ముసలాయన మాట కొట్టేయాలి. అది కొట్టేయాలంటే సాక్షి కావాలి. షఫాత్ మళ్లీ సభను అడిగాడు. షావుకారు రెండో చెప్పు పట్టీ మీదికి వెళ్లాడు.

షఫాత్ చాలాసేపు ఆలోచించాడు. పిల్లలు సందు దొరకగానే పరిగెత్తినట్టు, చివరికి గబగబా తీర్పు చెప్పేశాడు. సాక్షి దొరికేదాకా ఇక్కడ మనిషి వేలాడడు, వ్యాజ్యం వేలాడుతుంది. వ్యాజ్యం తేలేదాకా ఎర్ర గుమ్మం ఇంట్లో ఎవరికీ సేనాధిపతి పదవి లేదు. సరంగు కట్లు విప్పండి.

బంధువులు వంశం మునిగిపోయిందని అక్కడే ఏడుపు మొదలుపెట్టారు. కట్లు విప్పగానే బోదో మణికట్లు రుద్దుకుంటూ, ఏం జరిగిందో అర్థంకాక అందరి వంకా చూస్తున్నాడు. ముత్తున్ వెళ్లి అతన్ని పట్టుకుని ఏడ్చాడు.

కొండ ఎక్కేటప్పుడు బత్నోవం మామగారి చెయ్యి పట్టుకుని నడిచింది. ఈసారి లాక్కుపోవడానికి కాదు, వట్టి కాళ్లకు రాళ్లు గుచ్చుకుని ఆయన తూలుతున్నాడు. సాక్షి ఎవరైనా లేచి ఉంటే ఏమయ్యేదని అడిగింది. నా భయమూ అదేనమ్మా అన్నాడాయన.

"ఎందుకు మామయ్యా ఇదంతా? ఇన్నేళ్లూ?"



"మా అన్నను కూడా అలాగే నిలబెట్టారమ్మాయ్. వాడూ అలాగే వెనక్కి తిరిగి సభంతా చూశాడు. అందరూ కిందికి చూశారు. నేనూ కిందికే చూశాను. తప్పు చేసినవాడికి కొయ్యకంటే అలా ఎవరూ తనవంక చూడకపోవడం కష్టం. ఆ తర్వాత ఎవరు బిక్కమొహం వేసుకుని అటూ ఇటూ చూసినా నా నోరు ఆగేది కాదు." కాస్త ఆగి, "నువ్వు చూశావుగా వాడి వంక. అది నాకు చేతకాలేదు" అన్నాడు.

బత్నోవం ఆయన చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఇంట్లో వండటానికి ఒక్క కుండ లేదు. పక్కింటివాళ్ల కుండలో జున్నూ తేనే వేసి అరిషత్ జావ కాచింది. ఆయన ముందు పెట్టి కూర్చునేలోపు గుమ్మం దగ్గర అలికిడైంది. కుమ్మరి ఒకడు వచ్చాడు. కుండలు కాల్చే ఆవం వారంలో రెండోసారి చెడింది, యజమాని చంపేస్తాడు, పెద్దాయన ఒకసారి వచ్చి ఆ మాట అనాలట. అతని వెనక పెళ్లి చెడగొట్టిన కుర్రాడొకడు. మండపంలో జరిగింది పట్నమంతా పాకిపోయింది. సాయంకాలానికి వరస వీధి మలుపు దాకా పోయింది, అందరికంటే చివర చేపల బుట్టతో ఒక ముసలమ్మ.

రెండ్రోజుల కిందటైతే బత్నోవం తలుపు వేసి గడియ పెట్టేది. ఇప్పుడు చెంగు దోపుకుని గుమ్మంలో నిలబడింది. మామగారు తింటున్నారనీ, ఒక్కొక్కరే రావాలనీ, ఖూనీలూ దొంగతనాలూ అయితే ఇటు రావొద్దనీ గట్టిగా చెప్పింది.

చీకటి పడబోతుండగా, తలమీదుగా ముసుగు కప్పుకున్న బక్కపలచని మనిషొకడు వరసను దాటుకుని నేరుగా గుమ్మం దగ్గరికి వచ్చాడు. ముసుగులో ఉన్నా ఆమె పోల్చింది. నూటనలుగురి పెద్ద షఫాత్.

"ఏం పని మీద వచ్చారండీ?"

అతను గొంతు తగ్గించాడు. "చిన్న విషయమమ్మా. చాలా పాతది. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు గుళ్లో జరిగింది. ఇవాళ అక్కడ చెప్పి ఉండాల్సింది, చెప్పలేకపోయాను. మీ మామగారితో ఒక్కమాట మాట్లాడితే..."

బత్నోవం అతని వంక సూటిగా చూసింది. మామగారికి ఇష్టమైన రకం మొహమే, అటూ ఇటూ చూసే బిక్కమొహం.

"తప్పకుండా మాట్లాడండి. వరసలో రండి. ఆ చేపల బుట్ట అవ్వ వెనక నిలబడండి."

షఫాత్ వరస వంక ఒకసారి చూశాడు, ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు, వెళ్లి చేపల బుట్ట అవ్వ వెనక నిలబడ్డాడు. అవ్వ కొంచెం జరిగి చోటిచ్చి, నువ్వేం చేశావు నాయనా అని అడిగింది.